పాలకుడు దిగిపోయినా అతని చట్టం ఎందుకు దిగదు

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు పోటీ పరీక్షలకు చదువుతూ, చిలీలో జనరల్ పినోచెట్ 1990లోనే అధికారం విడిచినా ఆయన హయాంలో రాయించిన 1980 నాటి రాజ్యాంగమే సవరణలతో ఇప్పటికీ నడుస్తోందని తెలుసుకొని ఆశ్చర్యపోయారు. ఎన్నికలు వచ్చి, ప్రభుత్వాలు మారి, ఆ నియంత చనిపోయిన తర్వాత కూడా నియంతృత్వపు వారసత్వం ఎందుకు మిగులుతుంది, మన హైదరాబాదులో, మన దేశంలో దానికి పోలినది ఏదైనా ఉందా అని అడిగారు. నేను హైదరాబాదులో 37 ఏళ్ళుగా న్యాయవాద వృత్తిలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం ముందస్తు నిర్బంధం (నేరం చేస్తాడేమోనని విచారణ లేకుండా లోపల ఉంచడం) కేసులతోనూ, సభలకు అనుమతి నిరాకరించిన కేసులతోనూ గడిచింది. చిలీ సంగతులు నేను చదివి తెలుసుకున్నవి. ఇక్కడి సంగతులు కోర్టులో నిలబడి తెలుసుకున్నవి.

సూటిగా సమాధానం ఇది: నియంతృత్వం మిగిలిపోవడానికి ఆ నియంత మీది అభిమానం కంటే పెద్ద కారణం, అతను రాయించిన కాగితాలు కొత్త ప్రభుత్వానికి కూడా అక్కరకు రావడమే. పాలన మారిన మర్నాడు కూడా పోలీసు స్టేషను తెరవాలి, శిస్తు వసూలు కావాలి, కోర్టులో వాయిదాలు నడవాలి. అందుకని పాత చట్టాలు ప్రస్తుతానికి కొనసాగుతాయని కొత్త రాజ్యాంగం ఒక మాట రాస్తుంది. ఆ ప్రస్తుతం ఎప్పటితో ముగుస్తుందో మాత్రం రాయదు. కొన్నేళ్ళు గడిచేసరికి గెలిచి వచ్చినవారికి ఆ పాత అధికారాలు సౌకర్యంగా కనిపిస్తాయి. నిన్న ఏ చట్టం కింద జైలుకు వెళ్ళారో, రేపు అదే చట్టం కింద ఉత్తర్వుల మీద సంతకాలు పెడతారు. విగ్రహాన్ని తొలగించడానికి ఒక క్రేను చాలు. చట్టాన్ని తొలగించాలంటే దానివల్ల లాభపడుతున్నవాడే ముందుకు రావాలి.

ఇక మీరు అడిగిన చిలీ సంగతి. 1973 సెప్టెంబరు 11న సైన్యం సాల్వడార్ అయెండే ప్రభుత్వాన్ని కూల్చింది. సరిగ్గా ఏడేళ్ళ తర్వాత, 1980 సెప్టెంబరు 11న, ఓటర్ల జాబితాలు కూడా లేని ఒక ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా కొత్త రాజ్యాంగాన్ని ఆమోదింపజేసుకున్నారు. దాని ప్రకారమే 1988 అక్టోబరు 5న మరో ఓటింగు జరిగింది. పినోచెట్ ఇంకో ఎనిమిదేళ్ళు కొనసాగాలా వద్దా అన్న ప్రశ్నకు దాదాపు 56 శాతం మంది వద్దన్నారు. 1990 మార్చి 11న పాట్రిసియో ఐల్విన్ అధ్యక్షుడయ్యారు. ఇక్కడితో పాఠ్యపుస్తకంలో అధ్యాయం ముగుస్తుంది, అసలు విషయం మాత్రం ఇక్కడే మొదలవుతుంది.

ఐల్విన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజున ఆయన సైన్యాధిపతి ఎవరు? పినోచెట్. 1998 మార్చి దాకా ఆయనే. ఆ పదవి దిగగానే జీవితకాల సెనేటరుగా పార్లమెంటులో కూర్చున్నారు, ఎందుకంటే ఆయన రాయించిన రాజ్యాంగమే మాజీ అధ్యక్షులకు ఆ హక్కు ఇచ్చింది. సెనేటులో ఎన్నిక కాని, నియమితులైన సభ్యులు కొందరు ఉండేవారు. ప్రతి నియోజకవర్గానికి రెండేసి స్థానాలు పెట్టి, ఒక పక్షం జాబితాకు రెండూ దక్కాలంటే దాని తర్వాత నిలిచిన జాబితా కంటే రెట్టింపు ఓట్లు రావాలన్నారు. అంటే మూడో వంతు ఓట్లున్న పక్షానికి సగం స్థానాలు ఖాయం. దీని మీద మళ్ళీ, ముఖ్యమైన చట్టాలను మార్చాలంటే అప్పట్లో ఏడింట నాలుగు వంతుల సభ్యులు ఒప్పుకోవలసి ఉండేది, రాజ్యాంగంలోని కీలక అధ్యాయాలకైతే మూడింట రెండు వంతులు. ఈ మూడింటినీ కలిపి చూడండి. ఒక్కోటి విడిగా చూస్తే సమర్థించదగిన నిబంధనలాగే ఉంటుంది; చాలా ప్రజాస్వామ్యాల్లో ప్రత్యేక మెజారిటీ నియమం ఉంది, మన రాజ్యాంగ సవరణ గురించిన 368వ అధికరణంలో కూడా ఉంది. మూడూ కలిసినప్పుడు మాత్రం ఓడిపోయినవారి అనుమతి లేకుండా గెలిచినవారు ఏమీ మార్చలేని ఏర్పాటు తయారవుతుంది. నియమిత సెనేటర్లు పోవడానికి 2005 దాకా, ఆ రెండు స్థానాల ఎన్నికల పద్ధతి పోవడానికి 2015 దాకా పట్టింది.

డబ్బు విషయం కూడా గమనించండి, పరీక్షల పుస్తకాల్లో ఇది సాధారణంగా ఉండదు. ప్రభుత్వ రాగి సంస్థ ఎగుమతుల మీద వచ్చే రాబడిలో 10 శాతం ఆయుధాల కొనుగోలుకు నేరుగా సైన్యానికి వెళ్ళేది. దాని మూలం 1958 నాటి, అంటే సైనిక పాలనకు ముందటి చట్టమే. నియంతృత్వం దానిని పెంచి బిగించింది. ఆ చట్టం పాఠం ఎన్నో ఏళ్ళు రహస్యంగా ఉండిపోయింది. 2019లో గానీ రద్దు కాలేదు. అలాగే 1980లో పింఛన్లను ప్రైవేటు ఖాతాల పద్ధతిలోకి మార్చినప్పుడు సైన్యాన్నీ పోలీసులనూ అందులోంచి మినహాయించి పాత పద్ధతిలోనే ఉంచారు. సంస్కరణను దేశం మొత్తానికి వర్తింపజేసి, తమను మాత్రం బయట ఉంచుకున్నవారికి ఆ సంస్కరణ మీద ఎంత నమ్మకం ఉందో వేరే చెప్పనక్కరలేదు.

2019 అక్టోబరులో శాంటియాగో మెట్రో టికెట్టు ధర 30 పెసోలు పెంచితే దేశమంతా వీధుల్లోకి వచ్చింది. 2020లో 78 శాతం మంది కొత్త రాజ్యాంగం కావాలన్నారు. కానీ 2022 సెప్టెంబరులో వామపక్షం వైపు మొగ్గిన ముసాయిదాను దాదాపు 62 శాతం మంది తిరస్కరించారు. 2023 డిసెంబరులో కుడిపక్షంవారు రాసిన రెండో ముసాయిదాను కూడా సుమారు 56 శాతం మంది తిరస్కరించారు. దీన్ని చూసి "ప్రజలకు పినోచెట్ రాజ్యాంగమే నచ్చింది" అని రాసేవారున్నారు. నా అభిప్రాయంలో అది తప్పు. పాతది వద్దని చెప్పడం ఒక ప్రశ్న, దాని స్థానంలో ఏది రావాలన్నది మరో ప్రశ్న. మొదటిదానికి సమాధానం 1988లోనే, ఆ ఉత్సాహం ఉన్నప్పుడే ఇచ్చి ఉండవలసింది. 30 ఏళ్ళు ఆగేసరికి ప్రజలు ఆ రాజ్యాంగం కింద ఉద్యోగాలు చేశారు, ఇళ్ళు కొన్నారు, పింఛన్లు దాచుకున్నారు. ఆలస్యం అయిన కొద్దీ పాత ఏర్పాటు మీద మామూలు మనుషుల జీవితాలు కూడా ఆధారపడతాయి. అప్పుడు దాన్ని తొలగించడమంటే నియంతను తొలగించడంలా కాక, పొరుగువాడి పొదుపును కదిలించినట్టు అనిపిస్తుంది.

చిలీ న్యాయస్థానాల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. సైనిక ప్రభుత్వం 1978లో తనకు తానే క్షమాభిక్ష ఇచ్చుకుంది. 1973 సెప్టెంబరు 11 నుంచి 1978 మార్చి 10 దాకా జరిగిన నేరాలకు అది వర్తిస్తుంది. ఆ శాసనాన్ని పార్లమెంటు రద్దు చేయలేకపోయింది. అప్పుడు కొందరు న్యాయమూర్తులు ఒక వాదన చేశారు. మనిషిని ఎత్తుకెళ్ళారు, శవం దొరకలేదు, కాబట్టి చట్టం దృష్టిలో ఆ అపహరణ ఇంకా ముగియలేదు. ముగియని నేరం 1978 మార్చి 10 తర్వాత కూడా కొనసాగుతున్నట్టే, అందుకని క్షమాభిక్ష దానికి వర్తించదు. శవాలను దాచినవారికి ఆ దాచడమే ఎదురుతిరిగింది. వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఇంత దుఃఖంలోంచి ఇంత పదునైన తర్కం పుట్టడం నేను మరెక్కడా చూడలేదు. చట్టసభ చేతులు కట్టేసి ఉన్నప్పుడు కోర్టులు ఎంత దూరం వెళ్ళగలవో దీనివల్ల తెలుస్తుంది. ఎంత దూరం వెళ్ళలేవో కూడా తెలుస్తుంది, ఎందుకంటే ఆ శాసనం మాత్రం పుస్తకాల్లోనే ఉండిపోయింది.

స్పెయిన్ ఉదాహరణ కూడా ఇస్తారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అక్కడి నియంత ఫ్రాంకో 1975 నవంబరు 20న చనిపోయాడు. 1977 నాటి క్షమాభిక్ష చట్టాన్ని అడిగింది ప్రతిపక్షమే, జైళ్ళలో ఉన్న తమవారి విడుదల కోసం. అదే చట్టం తర్వాత హింసించిన అధికారులకు రక్షణగా మారింది. చిలీలో పాలకులు తమను తాము క్షమించుకున్నారు, స్పెయిన్‌లో ఇరుపక్షాలూ ఒప్పందం చేసుకున్నాయి. రెండూ ఒకటే అని పరీక్షలో రాయకండి. ఫ్రాంకో అవశేషాలను, ఆయనను సమాధి చేసిన స్మారక లోయ (వ్యాలీ ఆఫ్ ది ఫాలెన్) నుంచి తరలించింది 2019 అక్టోబరు 24న, అంటే ఆయన పోయిన 44 ఏళ్ళకు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

ముందుగా ఒక జాగ్రత్త. నిజాం పాలన వంశపారంపర్య రాచరికం, పినోచెట్‌ది సైనిక నియంతృత్వం. రాజ్యాంగ శాస్త్రంలో రెండూ ఒకటి కావు. నేను పోల్చుతున్నది పాలకుల స్వభావాన్ని కాదు. ప్రజల సమ్మతి లేకుండా రాసిన చట్టాలు ప్రజల సమ్మతితో నడిచే రాజ్యంలోకి ఎలా వచ్చాయన్నదే నా ప్రశ్న. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మన దగ్గర నిజాం పేరెత్తగానే చర్చ ఒక మతం మీదికి మళ్ళుతుంది. జాగీర్దార్లలోనూ, దేశ్‌ముఖ్‌లలోనూ, వెట్టిచాకిరి చేయించినవారిలోనూ అన్ని మతాలవారూ ఉన్నారు. ఆ పాలనను ఎదిరించినవారిలోనూ ఉన్నారు. అదే పాలన 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్ కట్టించింది, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టింది. మా హైకోర్టు భవనం కూడా ఆ కాలానిదే. వారసత్వం అన్న మాటలో ఇవన్నీ ఉన్నాయి.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ రాజ్యాంగంలోని 372వ అధికరణమే మీ ప్రశ్నకు మన దేశంలో దొరికే మొదటి జవాబు. అప్పటికి అమల్లో ఉన్న చట్టాలన్నీ, సమర్థమైన చట్టసభ మార్చేదాకా, రద్దు చేసేదాకా, కొనసాగుతాయని అది చెబుతుంది. దానికి విరుగుడుగా 13వ అధికరణం ఉంది: ప్రాథమిక హక్కులకు విరుద్ధమైనంత మేరకు పాత చట్టం చెల్లదు. అయితే 13వ అధికరణం దానంతట అది వచ్చి పుస్తకంలో గీత కొట్టదు. ఒకరు కోర్టుకు వెళ్ళాలి, కోర్టు చెల్లదని చెప్పాలి. ఆ ఒకరు వచ్చేదాకా చట్టం బతికే ఉంటుంది, ఠాణాలో దాన్ని వాడుతూనే ఉంటారు.

దీనికి నేను ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ 1329 ఫస్లీ నాటి నపుంసకుల చట్టం. ఆ మాట చట్టానిది, నాది కాదు. ఫస్లీ అంటే నిజాం కాలంలో వాడిన సంవత్సరాల లెక్క. దానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది, అంటే ఇది 1919 నాటిది. నగరంలోని హిజ్రాల పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో రాసుకోవడం, ఆడవేషంలో కనిపించినా, బహిరంగంగా పాడినా ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేయడం అందులోని ఏర్పాట్లు. 1950లో రాజ్యాంగం వచ్చింది, ఈ చట్టం పోలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక దాని పేరులోకి "ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత)" అని వచ్చింది. 2014లో తెలంగాణ వచ్చిన తర్వాత పాత చట్టాలను అన్వయించుకునే ప్రక్రియలో అది తెలంగాణ చట్టమైంది. ప్రతిసారీ ఒక అధికారి ఆ చట్టం శీర్షిక చదివి, రాష్ట్రం పేరు సరిదిద్ది, లోపల ఏముందో చూడకుండా మూసేశారన్నమాట. చివరికి ట్రాన్స్‌జెండర్ హక్కుల కోసం పనిచేసేవారు కోర్టుకు వెళితే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది సమానత్వం, జీవించే హక్కుల గురించిన 14, 21 అధికరణాలకు విరుద్ధమని కొట్టివేసింది. రాజ్యాంగం వచ్చిన 73 ఏళ్ళకు. ఆ చట్టాన్ని కావాలని నిలబెట్టినవారు ఎవరూ లేరు, తీసేయాలని అనుకున్నవారు కూడా ఎవరూ లేరు. బాధపడినవారికి మాత్రమే అది ఉందని తెలుసు.

అలాగని ఫస్లీ సంవత్సరం కనిపించిన ప్రతి చట్టాన్నీ అనుమానించకండి. భూమి శిస్తు చట్టం 1317 ఫస్లీ నాటిది. మా వాళ్ళం ఇప్పటికీ సేత్వార్, ఖాస్రా పహాణీ, వసూల్ బాకీ అంటూ పాత భూమి రికార్డుల పేర్లతోనే వాదిస్తాం. పాత రికార్డు ఉర్దూలో ఉంటే అనువాదకుణ్ణి పెట్టుకుంటాం. ఆ రికార్డు వల్లే కౌలురైతుకు భూమి నిలిచిన కేసులు నా చేతుల మీదుగానే జరిగాయి. 1348 ఫస్లీ నాటి హైదరాబాదు నగర పోలీసు చట్టం సంగతి వేరు. ఊరేగింపులు, సభలు, బహిరంగ ప్రదేశాల మీద నగర పోలీసు అధికారాలకు ఇప్పటికీ అదే ఆధారం. అందులో అవసరమైన నిబంధనలు లేకపోలేదు. అయితే ఆ చట్టం రాసేనాటికి సభ పెట్టుకోవడం ప్రజల హక్కు కాదు, పాలకుడు ఇచ్చే అనుమతి. నేడు 19వ అధికరణం ప్రకారం అది హక్కు, నియంత్రణ మినహాయింపు. చట్టంలో అక్షరాలు అవే ఉన్నాయి, చదివే పద్ధతి తలకిందులు కావాలి. ఆ తలకిందులు కావడం స్టేషను స్థాయిలో జరగలేదన్నది నా అనుభవం.

నిజాం కాలంలో "గష్తీ నిషాన్ 53" అనే ఉత్తర్వు ఉండేది. ముందస్తు అనుమతి లేకుండా బహిరంగ సభ పెట్టరాదని దాని సారాంశం. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన నాటికి ఇక్కడ ప్రజాజీవితం అటువంటి ఆంక్షల మధ్య నడిచింది. ఆ గష్తీ పోయి ఎన్నో దశాబ్దాలైంది. కొన్నేళ్ళ క్రితం ఒక కాలనీవాళ్ళు నాలా పొంగి ఇళ్ళలోకి నీళ్ళు వస్తున్నాయని మాట్లాడుకోవడానికి ఒక ఫంక్షన్ హాలు అడిగారు. నాలుగు గోడల మధ్య, 60 మంది, మైకు కూడా అక్కరలేదన్నారు. హాలు యజమాని పోలీసుల పర్మిషన్ కాగితం తెమ్మన్నాడు. వారు నా దగ్గరికి వచ్చారు. నేను ఆయనకు ఫోను చేసి, ఏ చట్టం ప్రకారం అడుగుతున్నారని మర్యాదగానే అడిగాను. "చట్టం సంగతి తెలియదు సార్, మాకు ఎప్పటినుంచో అలవాటు, తర్వాత మాకు ఇబ్బంది వస్తుంది" అన్నాడు. అబద్ధమాడలేదు పాపం. పెళ్ళికి అడగని కాగితాన్ని నాలా గురించి మాట్లాడుకోవడానికి అడగాలని ఆయనకు ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదు. ఉత్తర్వు రద్దయినా దాన్ని పాటించే అలవాటు మిగులుతుంది, ఆ అలవాటును సవాలు చేస్తూ రిట్ వేయడానికి మన చేతిలో కాగితం ఏదీ ఉండదు. వృత్తిలో నన్ను అన్నిటికంటే నిస్సహాయుణ్ణి చేసేది ఇదే. ఉత్తర్వు ఉంటే కోర్టులో పోరాడవచ్చు. 2017లో ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌లో నిరసనలు ఆపినప్పుడు విషయం హైకోర్టు దాకా వెళ్ళి, 2018లో అక్కడ నిరసనకు దారి దొరికింది. ఫంక్షన్ హాలు యజమాని భయాన్ని ఏ బెంచీ ముందు పెట్టగలను?

మీ ప్రశ్నలోని నియంతృత్వం అనే మాటకు మన దేశంలో అత్యంత దగ్గరగా వచ్చేది 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా సాగిన ఎమర్జెన్సీ. ముషీరాబాదులో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్న చోట అప్పట్లో జైలు ఉండేది. ఆ రోజుల్లో నిర్బంధితులను అక్కడ ఉంచారు. నక్సలైటు ఉద్యమానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసింది కూడా ఎమర్జెన్సీ కాలంలోనే, 1975 డిసెంబరు 1న. ఇవాళ ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడేవారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో నిర్బంధాన్ని హెబియస్ కార్పస్ (నిర్బంధితుణ్ణి కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషను) ద్వారా ప్రశ్నించలేమని నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో చెప్పింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆ తీర్పును సుప్రీంకోర్టు స్పష్టంగా తోసిపుచ్చింది 2017లో. తీర్పుకూ దాని తిరస్కరణకూ మధ్య 41 ఏళ్ళు గడిచాయి. ఆ కాలంలో న్యాయశాస్త్రం చదువుకున్న నాలాంటివారందరం దాన్ని ఖండిస్తూనే, అది ఇంకా పుస్తకంలో ఉన్న తీర్పుగానే చదువుకున్నాం.

ఎమర్జెన్సీ తర్వాత మన దేశం ఏమీ చేయలేదనడం అన్యాయం. 1978 నాటి 44వ సవరణ గొప్ప పని చేసింది. "అంతర్గత కల్లోలం" అనే సాగే మాట తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని పెట్టింది. 1975లో మంత్రివర్గానికి తెలియకుండా ముందు ప్రకటన, మర్నాడు ఉదయం ఆమోదం జరిగాయి కాబట్టి, ఇకపై మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా ఉండాలంది. 20, 21 అధికరణాలను ఎమర్జెన్సీలో కూడా సస్పెండ్ చేయరాదంది. దెబ్బ తిన్న చోటే కట్టు కట్టిన చట్టం ఇది. దక్షిణ కొరియాలో 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు సైనిక శాసనం ప్రకటిస్తే, 190 మంది సభ్యులు రాత్రికి రాత్రే పార్లమెంటుకు చేరి, గంటల్లోనే దాన్ని ఎత్తివేయాలని ఓటు వేశారు. 1980 మేలో క్వాంగ్‌జూలో సైన్యం ఏం చేసిందో ఆ దేశానికి గుర్తుంది, పార్లమెంటు మెజారిటీ కోరితే సైనిక శాసనం ఎత్తివేయాలన్న నిబంధన రాజ్యాంగంలో ఉంది. నియంతృత్వం మిగిల్చే వారసత్వంలో ఇటువంటి జాగరూకత కూడా ఉంటుందని మీ సమాధానంలో తప్పక రాయండి.

ఇప్పుడు నా వృత్తిలో నాకు అన్నిటికంటే దగ్గరైన విషయం. 44వ సవరణలో సెక్షన్ 3 అని ఒకటి ఉంది. విచారణ లేకుండా నిర్బంధించే చట్టాల గురించిన 22వ అధికరణాన్ని అది మార్చింది. నిర్బంధానికి తగిన కారణం ఉందా అని చూసే సలహా మండలి అభిప్రాయం లేకుండా ఉంచగలిగే కాలాన్ని మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మేరకే ఆ మండలి ఏర్పడాలనీ, దాని అధ్యక్షుడు పదవిలో ఉన్న హైకోర్టు న్యాయమూర్తి అయి ఉండాలనీ, మిగతా సభ్యులు పదవిలో ఉన్నవారో, పదవీవిరమణ చేసినవారో అయిన హైకోర్టు న్యాయమూర్తులే కావాలనీ చెప్పింది. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం చేశారు. అయితే ఏ సెక్షను ఏ తేదీన అమల్లోకి రావాలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించాలని ఆ సవరణలోనే ఉంది. మిగతా సెక్షన్లన్నిటికీ తేదీలు వచ్చాయి. సెక్షన్ 3కు రాలేదు. 1981లో ఈ విషయం సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, తేదీ ప్రకటించమని ప్రభుత్వాన్ని ఆదేశించడానికి కోర్టు నిరాకరించింది. ఆ తర్వాత దేశంలో దాదాపు ప్రతి పెద్ద పార్టీ కేంద్రంలో అధికారంలో ఉంది లేదా భాగస్వామిగా ఉంది. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్ళినవారు ప్రధానులూ ఉపప్రధానులూ అయ్యారు. తేదీ మాత్రం ప్రకటించలేదు.

ఇక్కడ నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ముందస్తు నిర్బంధం ఎమర్జెన్సీ కనిపెట్టింది కాదు. బ్రిటిష్ పాలనలో ఉంది. మన రాజ్యాంగసభ చర్చించి మరీ 22వ అధికరణంలో దానికి చోటిచ్చింది. 1950లోనే పార్లమెంటు ముందస్తు నిర్బంధ చట్టం చేసింది. మన రాష్ట్రంలో పీడీ (ప్రివెంటివ్ డిటెన్షన్) యాక్ట్ అని పిలుచుకునేది 1986 నాటిది, ఎన్నికైన ప్రభుత్వం చేసినది. సారా వ్యాపారులు, బందిపోట్లు, గూండాలు, భూకబ్జాదారులు అంటూ మొదలైన ఆ జాబితాలోకి 2018లో తెలంగాణ నకిలీ విత్తనాల వ్యాపారులతో సహా మరికొందరిని చేర్చింది. అందుకని దీన్ని నిజాం నెత్తినో, బ్రిటిష్‌వాడి నెత్తినో రుద్దితే చరిత్రకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. నియంతృత్వం నుంచి వచ్చింది ఆ చట్టం పాఠం కాదు. విచారణ లేకుండా మనిషిని ఏడాది ఉంచవచ్చు, అది మామూలు పరిపాలనే అన్న ఆలోచన అక్కడినుంచి వచ్చింది.

ఆ ఏడాది ఎలా గడుస్తుందో చెబుతాను. కమిషనరో కలెక్టరో ఉత్తర్వు ఇస్తారు. 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి. మూడు వారాల్లో సలహా మండలికి పంపాలి, ఏడు వారాల్లో మండలి నివేదిక ఇవ్వాలి. అక్కడ నిర్బంధితుడికి న్యాయవాది ఉండడు. గరిష్ఠ కాలం 12 నెలలు. హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తే, ప్రభుత్వం కౌంటరు వేసి, వాయిదాలు పడి, వాదనలు ముగిసేసరికి చాలా కేసుల్లో సగం కాలం దాటిపోతుంది. తెలంగాణ నుంచి వెళ్ళిన కేసుల్లో సుప్రీంకోర్టు 2022, 2023, 2024 సంవత్సరాల్లో వరుసగా ఈ చట్టం వాడుతున్న తీరును తీవ్రంగా తప్పుపట్టింది. మామూలు శాంతిభద్రతల (లా అండ్ ఆర్డర్) సమస్యకూ, సమాజ జీవనాన్నే దెబ్బతీసే ప్రజావ్యవస్థ (పబ్లిక్ ఆర్డర్) ముప్పుకూ ఉన్న తేడాను చెరిపేసి, బెయిలు వచ్చిన ప్రతి నిందితుణ్ణీ లోపల ఉంచడానికి దాన్ని అడ్డదారిగా వాడరాదని చెప్పింది.

నేను వాదించిన ఒక కేసు. పాతబస్తీ కుర్రాడు, 24 ఏళ్ళు. గొలుసు దొంగతనాల కేసులు మూడు ఉన్నాయి, మూడింటిలోనూ బెయిలు వచ్చింది. బయటికి వచ్చిన కొద్ది రోజుల్లో పీడీ ఉత్తర్వు. అతనికి ఇచ్చిన కాగితాలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉన్నాయి. అతను చదవగలిగింది ఉర్దూ మాత్రమే. తనను ఎందుకు నిర్బంధించారో అర్థమయ్యే భాషలో చెప్పకపోతే, దాన్ని ప్రశ్నించే హక్కు ఉన్నా లేనట్టే. ఆ కారణం మీద హైకోర్టు ఉత్తర్వును కొట్టివేసింది. అప్పటికి ఏడు నెలలు దాటాయి. అతను చేశాడన్న దొంగతనాలు నిజమా కాదా నాకు తెలియదు, ఆ ప్రశ్న ఈ కేసులో ఎవరూ వేయలేదు. విడుదల రోజున చంచల్‌గూడ జైలు గేటు దగ్గర అతని తల్లి నన్ను అడిగింది: "వకీల్ సాబ్, మావాడి మీద కేసు కొట్టేసినట్టేనా?" కొట్టివేయడానికి అసలు కేసే లేదని, ఏడు నెలలు ఉంచింది నేరం చేసినందుకు కాదని, చేస్తాడేమోనని అని, దొంగతనం కేసులు మూడూ ఇంకా అలాగే ఉన్నాయని ఆమెకు వివరించడానికి నాకు అరగంట పట్టింది. ఆమె తల ఊపింది గానీ అర్థమైందని నేను అనుకోను. అర్థం కాకపోవడంలో ఆమె తప్పు లేదు.

చివరగా, మీరు పరీక్షకు చదువుతున్నారు కాబట్టి ఒక పని చేయండి. ప్రభుత్వం ప్రచురించిన రాజ్యాంగం ప్రతి తెరిచి 22వ అధికరణం నాలుగో క్లాజు చూడండి. అక్కడ ఇప్పటికీ మూడు నెలలనే ఉంటుంది. ఆ పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఒక అధోసూచిక ఉంటుంది: 44వ సవరణ చట్టం, సెక్షన్ 3 ద్వారా ఈ క్లాజు మారుతుంది, తేదీ ఇంకా ప్రకటించవలసి ఉంది.